రంపం పళ్ళు, నక్షత్రం రవ్వలు: ఏన్కూరు మీదుగా గోదావరి దాటిన రోజు

భద్రాచలానికి జనం దేవుడి కోసం వెళతారు. నేను ఒక సంతకం కోసం వెళ్ళాను. ఎనభైల నడిమి సంగతి ఇది. హైదరాబాదులో పల్సర్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఐదేళ్ళ చాకిరీ పూర్తయి, థీసిస్ టైపు కొట్టించి, బైండింగుకు ఇవ్వడమే తరువాయిగా కాగితాల కట్ట సిద్ధం చేసుకున్నాను. సోమవారం ఆఖరి రోజు. అది దాటితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి, నా ఫెలోషిప్పు చూస్తే ఆ నెలాఖరుకే సరి. మా గైడు సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన ఊళ్ళో లేరు. రేడియో గోల లేని చోటు వెతుక్కుంటూ, భద్రాచలం దాటి దుమ్ముగూడెం దారిలో అడవి అంచున గుడారం వేసుకుని కూర్చున్నారు. శనివారం సాయంత్రం నాలుగింటికి అక్కణ్ణించి ఒరిస్సా వైపు వెళ్ళిపోతున్నాననీ, రెండు నెలల దాకా దొరకననీ టెలిగ్రాం ఇచ్చారు. అది నాకు అందింది శుక్రవారం మధ్యాహ్నం. ఉన్నపళంగా కట్ట సంచిలో పడేసుకుని స్టేషనుకు పరుగెత్తాను.

నా థీసిస్‌లో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పకపోతే మిగతా ప్రయాణం అర్థం కాదు. భయపడకండి, లెక్కలేం లేవు. ఒక పెద్ద నక్షత్రం పేలిపోయాక నడుమ మిగిలే గుండు పల్సర్. సూర్యుడి కంటే బరువు, అడ్డం చూస్తే మాత్రం ఇరవై కిలోమీటర్లు. కొత్తగూడెంలో ఒక అంచు పెడితే రెండో అంచు పాల్వంచ దాటి కొంచెం దూరంలో పడుతుంది. అంత బరువునూ అంత చోట్లో కుక్కుకుని, నేను చూసిన నక్షత్రమైతే సెకనుకు కాస్త తక్కువలోనే ఒక చుట్టు తిరిగేస్తుంది. దాని అయస్కాంత ధ్రువం దగ్గర మెరుపుల్లాంటి రవ్వలు పుడతాయనీ, అవి వలయంగా నిలబడి ధ్రువం చుట్టూ జరుగుతుంటాయనీ ఒక సిద్ధాంతం. నక్షత్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడు ఆ వలయంలో ఒక ముక్క మన టెలిస్కోపుకు ఒక్క క్షణం కనబడి పోతుంది. ఆ క్షణాలను కాగితం మీద ఒకదాని కింద ఒకటి అంటించుకుంటూ వెళితే, రవ్వలు ఒక్కో వరుసలో కాస్త కాస్త పక్కకు జరిగి ఏటవాలు చారలుగా కనిపిస్తాయి. ఆ చారల వాలును బట్టి రవ్వల వడి లెక్కగట్టాను. సిద్ధాంతం చెప్పిన వడిలో అది చిన్న వంతు కూడా లేదు. కాబట్టి సిద్ధాంతం తప్పు అని ఆఖరి పేజీలో, ఇరవయ్యారేళ్ళ పొగరుతో రాసి పెట్టాను. ఆ వాక్యమంటే నాకు ఎంత మోజంటే, టైపిస్టు పక్కన కూర్చుని దాని కింద గీత కూడా కొట్టించాను.

రాత్రి రైలు తెల్లారి ఆరున్నరకు భద్రాచలం రోడ్ స్టేషనులో దింపింది. కొత్తవాళ్ళకు ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. పేరులో భద్రాచలం ఉంది కదా అని దిగి గుడి గోపురం కోసం మెడ చాచి చూస్తారు. అది కొత్తగూడెం. భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు, నడుమ గోదావరి. మాది ఆ జిల్లాలోనే మధిర కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. తెలుసన్న ధీమాతోనే రెండో దెబ్బ తిన్నాను. రిక్షాలో బస్టాండుకు వెళ్ళి, రెండు ఇడ్లీలు తిని, ‘ఖమ్మం – భద్రాచలం’ అని బోర్డున్న బస్సు కదలబోతుంటే ఎగిరి ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను, అంతే గుర్తుంది. రైల్లో రెప్ప వెయ్యలేదు మరి. ఎవరో భుజం తట్టి లేపేసరికి ఎనిమిదిన్నర, బస్సు ఆగి ఉంది, రోడ్డుకు రెండు వైపులా మిరప చేలు.

“టికెటమ్మా?” కండక్టరు అడిగాడు. భద్రాచలం అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“భద్రాచలం నుంచే వస్తున్నం గదమ్మా! ఇది ఏన్కూరు. ముందటి నుంచి వస్తున్నవేమో, నిద్రల ఉన్నవని నేనే లేపలే.”

“బోర్డు మీద భద్రాచలం అనే ఉంది కదండీ?” అన్నాను, తప్పు బోర్డుదే అన్నట్టు.

“బోర్డు మీద రెండూర్లూ ఉంటయ్. బస్సు ఒక్క దిక్కే పోతది.”

బస్సంతా నవ్వింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెతకు బొమ్మ వెయ్యాల్సి వస్తే ఆ పొద్దు ఏన్కూరు సెంటర్లో సంచితో నిలబడ్డ నన్ను వేస్తే సరిపోతుంది. తిరుగు బస్సు ఎప్పుడని టీ కొట్టాయనను అడిగితే పదిన్నరకు అన్నాడు, అదీ వస్తే వచ్చినట్టు. లెక్క వేసుకున్నాను. పదిన్నరకు ఎక్కితే భద్రాచలం చేరేసరికి రెండు దాటుతుంది, అక్కడి నుంచి దుమ్ముగూడెం దారికి మళ్ళీ బస్సు దొరకాలి. నాలుగింటికి మా సారు వెళ్ళిపోతారు. టీ కొట్టు పక్కన ఒక కిరాయి జీపు, ఎడమవైపు స్టీరింగు ఉన్న పాతకాలపుది, ఆగి ఉంది. ముందు రోజు పెళ్ళివారిని దింపి పాల్వంచకు ఖాళీగా తిరిగి వెళుతోంది. డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి, పేరు ఐలయ్య. మూడు వందలన్నాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. నా జీవితంలో అంత వరకూ పెట్టిన కిరాయిల్లో అదే పెద్దది.

“నాలుగింటిలోపల చేర్చాలన్నా.”

“గంత జల్దీ ఏంది మేడం? ఎవరికన్న పానం బాగలేదా?”

“నా చదువుకే బాగలేదు” అన్నాను. ఆయన నవ్వి గేరు వేశాడు. అప్పుడు చూశాను, ఎడమ చేతికి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. స్టీరింగు పట్టుకోవడంలో మాత్రం ఏ లోటూ కనిపించలేదు.

ఏన్కూరు నుంచి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం రోడ్డు, వెళ్ళదలచిన వారికి చెబుతున్నాను, పొద్దున పూటే చూడాలి. ఫిబ్రవరి చివర కళ్ళాల్లో మిర్చి ఎర్రగా పరిచి ఉంటుంది, ఘాటుకు ముక్కు ఊరుకోదు. చేలు అయిపోగానే చెట్లు దగ్గరపడతాయి, టేకాకులు రాలి రోడ్డంతా గలగలమంటుంది. ఆ రోజు నేను అవేవీ సరిగా చూడలేదు, గడియారమే చూస్తున్నాను. ఐలయ్యకు నా మీద జాలేసిందేమో, పాటలు పెట్టమంటావా అన్నాడు. జీపులో క్యాసెట్ ప్లేయరు ఉంది. నా సంచిలో కూడా ఒక క్యాసెట్టు ఉంది. దక్షిణాది కొండ మీది పెద్ద టెలిస్కోపు దగ్గర నా పల్సర్‌ను చూసినప్పుడు, ఆ రేడియో తరంగాల హెచ్చుతగ్గులను చప్పుడుగా మార్చి రికార్డు చేసుకున్నది. సరదాకి అది తీసి ఇచ్చాను.

టప్... టప్... టప్... వెనకాల ఇసక పోస్తున్నట్టు సన్నటి హోరు. ఐలయ్య ముఖం ముడుచుకుంది. జీపును పక్కకు తీసి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాడు. “ఇంజన్ల ట్యాపెట్లు కొడుతున్నయా ఏంది?” అన్నాడు. నవ్వాపుకుని, బండిలో కాదన్నా, క్యాసెట్లో అన్నాను. అది ఒక చుక్క చప్పుడు. మనకూ దానికీ ఎంత దూరమంటే, ఈ చప్పుడు అక్కణ్ణించి బయలుదేరి వేల ఏళ్ళయింది. అప్పటికి ఈ రోడ్డు లేదు, ఈ ఊళ్ళు లేవు. ఐలయ్య బానెట్ మూసి వచ్చి కూర్చున్నాడు. ఇంజను ఆపేసే ఉంచాడు. ఇద్దరం చాలాసేపు విన్నాం. ఒక్క దెబ్బ కూడా తప్పిపోలేదు. ఐదేళ్ళుగా నేను దాన్ని గీతలుగా, అంకెలుగా చూస్తున్నాను. అలా ఒక మనిషి పక్కన కూర్చుని వినడం అదే మొదటిసారి.

“గంత దూరం నుంచి ఇనబడాల్నంటే ఎంత గట్టిగ కొట్టాలె!” అన్నాడు.

దానికి జవాబు కొత్తగూడెం ఇంకా పది కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కన దొరికింది. కలప లారీకి దుంగ ఎక్కిస్తున్నారు. పదిమంది తాళ్ళు పట్టుకుని ఉన్నారు. ఒకాయన పదం ఎత్తుకుంటే మిగతావాళ్ళు ‘హైలెస్సా’ అని ఒక్కసారే లాగుతున్నారు. దుంగ జానెడు జానెడు పైకి పోతోంది. చూపించాను. ఆ చుక్క దగ్గర రవ్వలు లేచినప్పుడల్లా సన్నటి విద్యుత్ కణాల గుంపులు పుట్టుకొస్తాయి. కొన్ని వడిగా, కొన్ని నిదానంగా బయటికి ఉరుకుతుంటాయి. వెనక వచ్చే వడి గుంపు ముందున్న నిదానపు గుంపులోకి చొచ్చుకుపోతుంది. అలా రెండు ప్రవాహాలు కలిసినచోట నిలకడ తప్పుతుంది. ఎక్కడో ఇసుమంత ఎక్కువ చేరితే అది ఇంకొన్నింటిని లాగుతుంది, ఆ లాగుడుకు ఇంకొన్ని చేరతాయి. చెదిరి పోవాల్సినవి ముద్దలు ముద్దలుగా కూడుకుంటాయి. విడివిడిగా ఉంటే వాటి చప్పుడు మన దాకా రాదు. ముద్దలోవన్నీ ఒక్కటిగా ఊగితే వస్తుంది. ఇలా జరుగుతుందని అనుకుంటున్నాం అని కూడా చెప్పాను, ఎందుకంటే ఆ ముద్ద కట్టడం ఎలాగో అప్పటికీ ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ తెలియదు.

“అవ్. పదిమంది పదితీర్ల గుంజితే దుంగ కదలది” అన్నాడు ఐలయ్య. “మల్ల గాడ హైలెస్సా అనేటోడు ఎవరు?”

“ఎవరూ లేరన్నా. వాటంతటవే.”

ఆయన తల ఊపుతూ పైకి చూశాడు. పట్టపగలు, ఆకాశంలో ఏమీ లేదు. నేనూ చూశాను.

కొత్తగూడెం పదింబావుకు దాటాం. బొగ్గు లారీల వెనకపడి పాల్వంచ చేరేసరికి పదకొండు. టీ తాగుదామని ఆపాడు. పక్కనే ఒక కోత మిల్లు, రంపం అరుపుకు మాట వినబడటం లేదు. నక్షత్రం క్షణాలు అంటించిన కాగితం చుట్ట సంచిలోంచి తీసి, టీ బల్ల మీద కొంచెం విప్పి చారలు చూపించాను. పొగరు పోలేదుగా, మురిపెంగా వివరించాను కూడా. ఒక్కో వరుస నక్షత్రం ఒక్కో చుట్టు. చూడు, రవ్వ ఇక్కడుంది, తర్వాతి చుట్టులో ఇంత జరిగింది, తర్వాత మరింత. మిరప సాళ్ళలా ఎలా వాలుగా పోతున్నాయో చూడు. ఎంత నిదానంగా జరుగుతున్నాయంటే, పెద్ద పెద్దవాళ్ళు చెప్పిన సిద్ధాంతమే తప్పని దీంతో తేలిపోయింది.

ఐలయ్య టీ గ్లాసు పక్కన పెట్టి కాగితం మీదికి వంగాడు.

“ఒక్క సుట్టుకు ఒక్కపాలే చూస్తున్నవా?”

“అవును, అప్పుడే మనవైపు తిరుగుతుంది.”

“నడుమ?”

“నడుమ కనబడదు.”

“గీ రవ్వలన్నీ ఒక్కతీరేనా, ఏమన్న ఫరక్ ఉంటదా?”

“దాదాపు ఒక్కలాగే ఉంటాయి.”

ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. “గిట్ల అనుకునే గీ చేతి ఏళ్ళు పోగొట్టుకున్న బిడ్డా.”

ముందు ఆయన పాల్వంచలోనే మరో కోత మిల్లులో పనిచేసేవాడట. ఆ మిల్లు ఇప్పుడు లేదు. షెడ్డులో పట్టపగలు కూడా చీకటి, అందుకని ట్యూబులైట్లు పెట్టారు. ట్యూబులైటు ఎడతెగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ సెకనుకు నూరుసార్లు ఆరి వెలుగుతుంది. గుండ్రటి రంపం దాని కింద గిర్రున తిరుగుతుంటే, వెలిగిన ప్రతిసారీ ఒక పన్ను ఉన్నచోటికి ఇంకో పన్ను వచ్చి నిలబడుతుంది. పళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, కంటికి రంపం ఆగిపోయినట్టుంటుంది. కొంచెం తేడా వస్తే నింపాదిగా వెనక్కి తిరుగుతున్నట్టుంటుంది.

“పక్క మిషన్ల మోతల దీని సప్పుడు తెల్వలే. మెల్లగ ఎనక్కి తిరుగుతున్నది, కరెంటు బంద్ చేసిండ్రు, ఇగ ఆగబోతున్నదనుకున్న. పొట్టు తీద్దామని చెయ్యి పెట్టిన.” అంతవరకే చెప్పి టీ తాగాడు. తరువాత అన్నాడు, “ఆగలే బిడ్డా. ముందటికే, నిండు జోరు మీద తిరుగుతున్నది.”

బల్ల మీద నా చారలు నావైపే చూస్తున్నాయి. ఒక రవ్వ కొంచెం వెనక్కి జరిగిందని నేనన్నాను. నేను చూడని నడిమి సమయంలో, దాని వెనక రవ్వ నిండు జోరుతో ముందుకు ఉరికి దాదాపు మొదటిదాని చోటికి వచ్చి నిలబడితే? కాగితం మీద రెండూ ఒక్కలాగే కనబడతాయి. అలాగైతే వడి ఎన్నో రెట్లు. దిశే తారుమారు. సిద్ధాంతం తప్పు కాదు, తప్పు నాది. అలా జరగవచ్చని పుస్తకాల్లో లేకపోలేదు, పైపైన చదివి దాటేశాను. నా వాక్యానికి అడ్డం వస్తుందని దాటేశానేమో కూడా.

“మరి ఆ తర్వాత ఏం చేశారన్నా మిల్లులో?” అడిగాను.

“ఏమున్నది, రంపం మీద ఒక్క పన్ను దగ్గర సుద్ద గీత గీసినం. గా గీత ఒక్కకాడ నిలబడి కనబడితే రంపం ఆగినట్టు. నాలుగు కాడ కనబడితే తిరుగుతున్నట్టు. అన్నీ ఒక్కతీరున్నప్పుడు ఒక్కదానికన్న గుర్తుండాలె.”

పాల్వంచ నుంచి భద్రాచలం దారి చాలా అందంగా ఉంటుంది, ఈ మధ్య మళ్ళీ వెళ్ళి తీరిగ్గా చూశాను. ఆ రోజు మాత్రం నాలో నేనే కొట్టుకుంటున్నాను. పన్నెండున్నరకు సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాం. నీళ్ళు తక్కువగా, ఇసక తిన్నెల నడుమ పాయలు పాయలుగా ఉన్నాయి. చెప్పకపోతే ఏమవుతుందని వంతెన మీద ఆలోచించాను. సారు ఇప్పటికే చదివారు, ఒప్పుకున్నారు. సంతకం పెడతారు, సోమవారం ఇచ్చేస్తాను. ఈ ప్రశ్న అడిగింది జీపు డ్రైవరు, పరీక్షకులు కాదు. ఎవరికి తెలుస్తుంది? వంతెన దాటేలోపు ఆ ఆలోచన రెండుసార్లు గెలిచింది, దాచుకోవడమెందుకు. గేరు మార్చడానికి ఐలయ్య కుడిచెయ్యి తీసినప్పుడు స్టీరింగు మీద ఆ సగం వేళ్ళే మిగిలాయి. వాటిని చూశాక ఇక ఆలోచించబుద్ధి కాలేదు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దారి పాతిక కిలోమీటర్లు. ఊరు రావడానికి ముందే ఎడమకు మట్టిబాట దిగి, ఒకటిన్నరకు గుడారం దగ్గర ఆగాం. మా సారు తలకు తువ్వాలు చుట్టుకుని, వెదురు గడలకు కట్టిన రాగి తీగలు సర్దుతున్నారు. ఆ గడలు కొట్టి, పాతి, నిలబెట్టింది పక్క గూడెం కోయవాళ్ళు. వంట చేసే సీతమ్మది కూడా ఆ గూడెమే. వాళ్ళవాళ్ళతో కోయలో, మాతో తెలుగులో మాట్లాడుతోంది. మా ఇద్దరి ముఖాలూ చూసి, “ముందు తినండి, తర్వాత ఏదైనా” అంది. గోదావరి చేపల పులుసు, వేడన్నం. అంత బెంగలోనూ రెండోసారి వడ్డించుకున్నాను.

సారు చెయ్యి కడుక్కుని జేబులోంచి పెన్ను తీశారు. “ఏదమ్మా, ఇవ్వు. ఇంత దూరం వచ్చావు.”

“సార్, ముందు ఈయన అడిగిన ప్రశ్న వినండి” అన్నాను.

ఐలయ్య మొహమాటపడుతూనే రంపం సంగతంతా మళ్ళీ చెప్పాడు. మొదటి రెండు మాటలకే మా సారుకు అర్థమైపోయింది, అయినా మధ్యలో అడ్డుపడలేదు. చివరిదాకా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మూడుసార్లు చదివానమ్మా నేను” అన్నారు మెల్లగా. “మూడుసార్లూ నీ వాక్యం బాగుందనే అనుకున్నాను.” తప్పు నాదేనన్నాను. మనదే అన్నారు. తర్వాత ఉన్నట్టుండి హుషారు వచ్చి లేచి నిలబడ్డారు. “అయితే సుద్ద గీత వెతుకుదాం. ఇన్ని రవ్వల్లో ఒక్కటైనా కాస్త ఎక్కువ మెరిసేది ఉండొచ్చుగా? అది ఎన్ని చుట్లకోసారి తిరిగి వస్తోందో తెలిస్తే, వడీ దిశా రెండూ తేలిపోతాయి.”

నా కాగితం చుట్ట మొత్తం విప్పితే గుడారం ముందు నుంచి ఇప్పచెట్టు దాకా వచ్చింది. గాలికి లేవకుండా సీతమ్మ గులకరాళ్ళు పెట్టింది. దోసెడు చింతగింజలు కూడా తెచ్చి ఇచ్చింది. మామూలుకంటే ఎక్కువ మెరిసిన రవ్వ కనబడినచోటల్లా ఒక గింజ పెట్టాలి. నేనో పక్క, సారో పక్క, ఐలయ్య నడుమ, ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతూ గంటన్నర వెతికాం. గింజలు సమానమైన ఎడంలో పడితే గీత దొరికినట్టు. అలా పడలేదు. ఇక్కడ మూడు, అక్కడ ఏడు, మధ్యలో ఖాళీ. సీతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మొత్తం చూసి, “కోళ్ళకు చల్లినట్టుంది” అంది. నిజంగానే అలా ఉంది.

మూడున్నరకు సారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. వెళ్ళేముందు ఐలయ్య చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. వెదురు గడల తీగల నుంచి వచ్చే చప్పుడు అది. మనుషులు చేసే చప్పుడు ఒక్కటీ లేదు అందులో, పాలపుంత పంపే సన్నటి హోరు మాత్రమే. ఐలయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు సీతమ్మకు ఇచ్చాడు. ఆవిడ విని, ఆకాశం వైపు ఓసారి చూసి, “వానకు ముందు అడివి ఇట్లనే ఉంటది” అంది. నేను ఆ హోరు వేలసార్లు విన్నాను, అడ్డు తగిలే రొద అని తీసి పారేసేదాన్ని. ఆ రోజు మళ్ళీ పెట్టుకుని వింటే ఏడుపొచ్చింది. దానంతటి పెద్దదాని ముందు నేనెంత గట్టిగా మాట్లాడానో గుర్తొచ్చి సిగ్గేసింది, దాన్ని వినగలుగుతున్నందుకు సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి.

ఆఖరి పేజీ తీసి, మురిపెంగా గీత కొట్టించుకున్న వాక్యాన్ని కొట్టేశాను. దాని పక్కన చేత్తో రాశాను, ఈ పరిశీలనలను బట్టి రవ్వలు ఎంత వడిగా, ఏ దిశలో తిరుగుతున్నాయో చెప్పడం సాధ్యం కాదు, అని. సారు నా పేజీని ఒకసారి చదివి, దాని కింద సంతకం పెట్టారు. “నీ ఐదేళ్ళలో ఇది మంచి వాక్యం” అన్నారు. నాకు అప్పుడు అలా అనిపించలేదు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదనిపించింది. నాలుగింటికి ఆయన జీపు ఒరిస్సా వైపు, మా జీపు భద్రాచలం వైపు బయలుదేరాయి.

కొంతదూరం వచ్చాక ఐలయ్య అడిగాడు, “ఇంతకీ గా రవ్వలు ఎటు తిరుగుతున్నయ్ బిడ్డా?”

“తెలియదన్నా.”

“అవ్.” ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. “నేను గిదే మాట అనుకుంటే గా దినం చెయ్యి పెట్టకపోతుంటి.”

థీసిస్ సోమవారం ఇచ్చాను. ఒక పరీక్షకుడు ‘ముగింపు తేలలేదు’ అని రాశాడు, అయినా పాస్ చేశాడు. చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు పెద్ద టెలిస్కోపుతో మరో పల్సర్‌లో సుద్ద గీత లాంటిది పట్టుకున్నారు. వలయంలో రవ్వలెన్నో, ఎంత సేపట్లో చుట్టు తిరుగుతాయో లెక్క తేల్చారు. అది చదివిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ట్యూబులైటు కింద కూర్చుని చాలాసేపు నా వేళ్ళు చూసుకున్నాను. నా నక్షత్రం సంగతి మాత్రం నేను ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను. మొదట్లో ఆ తెలియకపోవడం నాకు ఓటమిగా ఉండేది. ఇప్పుడు రాత్రి డాబా మీద నిలబడి ఆ వైపు చూస్తే, అక్కడ ఎవరూ పదం ఎత్తకుండానే అన్నీ ఒక్కసారిగా కదులుతున్నాయనీ, ఎటు కదులుతున్నాయో నాకు చెప్పాల్సిన అవసరం దానికి లేదనీ అనుకుంటే, మనసు నిండిపోతుంది. ఐలయ్య చెప్పింది రంపం గురించే. నేను మాత్రం ఆ తర్వాత దేన్ని చూసి ‘తేలిపోయింది’ అనబోయినా, నడుమ నేను చూడనిదేమిటని ఒక్కసారి ఆగుతున్నాను.

ఇక వెళ్ళేవారికి ఒక్క మాట. కిరాయిలూ వేళలూ నేను రాసినవి ఆనాటివి, అవి ఇప్పుడు పనికిరావు, కొత్తవి కనుక్కోండి. ఇది మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. కొత్తగూడెం బస్టాండులో బోర్డు చూసి బస్సెక్కకండి, రెండూళ్ళ పేర్లూ దాని మీదే ఉంటాయి. ఇటా, అటా అని కండక్టరును అడిగి ఎక్కండి.